ఎవరు తెరిచారో తెలియని దస్త్రం

ఆంధ్రప్రదేశ్ గ్రామ, వార్డు సచివాలయాల శాఖకు బహిరంగ లేఖ

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ అజిత్‌సింగ్ నగర్, పాయకాపురం ఇళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. బీరువాల్లోని ఆధార్, రేషన్ కార్డులు, పట్టాలు బురదపాలయ్యాయి. వార్డు సచివాలయ సిబ్బంది ఇల్లిల్లూ తిరిగి నష్టం రాసుకున్నాక, కింది అంతస్తు ఇంటికి 25,000, పై అంతస్తులకు 10,000 రూపాయల చొప్పున సాయం బ్యాంకు ఖాతాల్లో పడింది. కాగితం కొట్టుకుపోయినా మనిషిని నిలబెట్టింది సర్కారు దగ్గరున్న రికార్డే.

అలాంటి రికార్డును ఎవరు తెరుస్తున్నారన్నదే అసలు ప్రశ్న. డెల్టా పల్లెల్లో 1984 దాకా ఊరి లెక్కలు కరణం చేతిలో ఉండేవి. అడంగల్ నకలు కావాలంటే ఆయన అరుగు దగ్గర పడిగాపులు పడాల్సిందే. ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఆ పదవులను రద్దు చేసింది, మంచిదే. అయితే దస్త్రం ఎవరింట్లో ఉందో ఊరందరికీ తెలిసేది. ఇప్పుడు ఆ పాటి ఆనవాలు కూడా లేదు.

దొంగలెవరూ పడకుండానే సర్కారు దస్త్రాల్లోంచి జనం వివరాలు బయటపడ్డాయి. 2017లో వెలువడిన ఒక అధ్యయనం ఆధార్ నంబర్లను బాహాటంగా ఉంచిన నాలుగు ప్రభుత్వ పోర్టళ్లను చూపింది. వాటిలో రెండు ఆంధ్రప్రదేశ్‌వే: ఉపాధి హామీ చెల్లింపులు, చంద్రన్న బీమా. 2018 ఏప్రిల్‌లో రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్‌లో సుమారు 1.3 లక్షల మంది ఆధార్ నంబర్లు కులం, మతం, బ్యాంకు ఖాతా వివరాలతో సహా కనిపించాయి. అప్పటికే ఆధార్ చట్టం 29వ సెక్షన్ అలా ప్రచురించడాన్ని నిషేధించింది. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తేల్చింది కూడా.

2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం పింఛను, రాయితీల కోసమైతే ప్రభుత్వం పౌరుడి సమ్మతి లేకుండానే అతని వివరాలు వాడుకోవచ్చు. అడగనక్కర్లేని వాడికే జవాబుదారీ ఎక్కువ ఉండాలి. కానీ సచివాలయం ఎదుటి జిరాక్స్ కొట్టులో తీసిన ఆధార్ నకలు ఏ ఫైల్లో, ఎన్నేళ్లు ఉంటుందో ఇచ్చినవాడికి తెలియదు. చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ సరిపోయేచోట మొత్తం 12 అంకెలూ ఎందుకు?

ఎస్టోనియాలో తన రికార్డును ఏ కార్యాలయం ఎప్పుడు చూసిందో పౌరుడే ఆన్‌లైన్‌లో చూసుకోగలడు. 2025 జనవరి 30న 161 సేవలతో మొదలైన రాష్ట్ర ప్రభుత్వ సేవల వేదిక మన మిత్ర వాట్సాప్‌లో ఇలాంటి సదుపాయం పెట్టడం శాఖకు అసాధ్యమేమీ కాదు. దాంతోపాటు, దరఖాస్తు పరిష్కారమయ్యాక జిరాక్స్ ప్రతులను ఎన్ని రోజుల్లో నాశనం చేస్తారో ప్రతి సచివాలయం గోడ మీద రాయించాలి. ఆ గడువు తప్పితే ఏ అధికారిని అడగాలో అతని హోదాతో సహా.