మునగచెట్టుపై గొంగళిపురుగులు

హైదరాబాదు పాతబస్తీ లోగిళ్ల పెరళ్లలో మునగచెట్టు తరచుగా గానవచ్చును. వానకారున గొంగళిపురుగులు దాని మానుపై గుంపులుగా నంటుకొని, పగలెల్ల కదలక యుండి, రాత్రివేళ కొమ్మలకు బ్రాకి యాకులు తినును. తెలియక మానును దాకిన పిల్లల చేతులు దద్దురులెత్తి మండును. అంతట గృహస్థు గొడ్డలి వెదకును. మీరాలంమండీకి కాడలు పంపు తోటవాడు దివిటీ వెదకును. రెండును దగవని నా యభిప్రాయము.

దోషము చెట్టుది గాదు, సీతాకోకచిలుకదియు గాదు. దాని రెక్కలపొడి విషమని పిల్లలను బెదరింతురు గాని, మన పెరటి చిలుకలవలన సామాన్యముగా నే బాధయు లేదు. మునగను దిను పురుగు రాత్రి యెగిరెడు వేఱొక రెక్కపురుగు పిల్ల. దాని సన్నని రోమములు విఱిగి చర్మమున గ్రుచ్చుకొనును. పురుగు చచ్చినను, విడిచిన కుబుసమందును రోమము తన గుణమును మానదు. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు ఫాబ్రే (1823–1915) పైనుచెట్ల పురుగుల సారమును కాగితమున నద్ది తన ముంజేతికే కట్టుకొని యా మంటను బరీక్షించెను.

దివిటీ సంగతి నేను మఱువజాలను. కొన్నియేండ్ల క్రిందట నగర శివారు తోటలో, పుస్తకములలో నున్నట్లు పురుగులను గాల్పుడని చెప్పినవాడను నేనే. గాలి మాఱెను. రోమములు పొగతో లేచి, దివిటీ పట్టిన బాలుని కంటబడెను. వాడు కన్ను నలుపుకొనెను. లోనికి జొచ్చిన రోమములకు నెలల తరబడి చికిత్స జరిగినను చూపు కొంత మసకగనే నిలిచినది. నాటినుండి నేను దివిటీమాట యెత్తుట లేదు.

పగటివేళ, గాలి లేనప్పుడు, సబ్బునీటితో మానును బాగుగా దడిపినచో రోమములు లేవవు. పిమ్మట పొడవైన కఱ్ఱకు గోనె చుట్టి, పురుగులను సబ్బునీటి బాల్చీలోనికి దోయవలెను. నిండుచేతుల చొక్కా, చేతితొడుగులు, కంటియద్దములు లేక యెవ్వరును చెట్టు చెంతకు బోరాదు.

రోమములు గ్రుచ్చుకొన్నచోట కొందఱు కంబళితో రుద్దుదురు. గొంగళియు కంబళియు నొకటేయని కాబోలు! రుద్దినకొలది రోమము లోతునకు దిగును. అంటుడుపట్టీ నద్ది మెల్లగా లాగి, సబ్బుతో గడిగి, కట్టుకొన్న బట్టలు మార్చవలెను. కంటబడినచో నలుపక నీటితో గడిగి, వెంటనే కంటి వైద్యునికడకు బోవలెను; మెహిదీపట్నమున సరోజినీదేవి కంటి ఆసుపత్రి గలదు.

కూలివాని నుత్తచేతులతో నీ పనికి బంపువారు మన సభ్యులలోనే యున్నారు. విత్తనములను, ఎరువులను నిలువచేయు సంఘము నాలుగు జతల కంటియద్దములను, తొడుగులను గూడ నుంచి, అడిగినవారికి ఎరువిచ్చుట కష్టము గాదు. రాబోవు సభలో నేనిది ప్రతిపాదింపనున్నాను.