పాల లెక్క రాస్తాం, ఓటు లెక్క రాయమేం?

"ఎవరికి వేస్తే ఏముందిలెండి, ఎవరొచ్చినా మన పొయ్యి మనమే వెలిగించుకోవాలి!" ఈ మాట మీ ఇంట్లోనూ వినబడుతూనే ఉంటుంది కదూ? మా చందర్లపాడులో రేషన్ షాపు దగ్గర నిలబడ్డా, మిరపకాయలు తొడిమలు తీస్తూ నలుగురం కూర్చున్నా ఎన్నికల ఊసు వస్తే చాలు, చివరికి ఇక్కడికే వచ్చి ఆగుతుంది. మగవాళ్ళయితే పార్టీల పేరు చెప్పి గంటలు గంటలు కొట్లాడుకుంటారు. ఆడవాళ్ళం మాత్రం నిట్టూర్చి లేచిపోతాం. ఆ నిట్టూర్పు గురించే ఈ వారం మీతో ముచ్చటించాలని ఉంది. వంటల సంగతి వచ్చే వారం చూసుకుందాం.

ఆ నిట్టూర్పుకి కారణం లేదని నేననను. మన ఆడవాళ్ళ ఓటు కథే తీసుకోండి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడికి వెళ్ళి అక్షరాలు దిద్దుకున్న ఇల్లాళ్ళు, మా ఊళ్ళో సారా వద్దంటూ కొంగు బిగించారు. రోశమ్మ గారి పేరు అప్పుడే రాష్ట్రమంతా తెలిసింది. ఊరూరా ఆడవాళ్ళు సారా వేలం పాటలకి అడ్డం నిలబడ్డారు. ఆ వేడికి తట్టుకోలేక 1993 అక్టోబరు నుంచి కోట్ల విజయభాస్కరరెడ్డి గారి ప్రభుత్వం సారాని నిషేధించింది. 1994 డిసెంబరులో రామారావు గారు పూర్తి మద్యనిషేధం తెస్తామని చెప్పి గెలిచారు. చెప్పినట్టే 1995 జనవరి 16 నుంచి అమలు చేశారు కూడా. ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఊపిరి పీల్చుకున్నారో!

తర్వాతేమయింది? తొమ్మిది నెలలు తిరక్కుండానే, 1995 సెప్టెంబరులో, ఆ కుర్చీలో చంద్రబాబు గారు కూర్చున్నారు. మార్చింది ఎమ్మెల్యేలు, మనల్ని అడిగిన వాళ్ళు లేరు. 1997లో నిషేధం ఎత్తేశారు. అప్పుడూ అడగలేదు. 2019లో జగన్ గారు దశలవారీగా మద్యనిషేధం అన్నారు. బెల్టుషాపుల మీద దాడులు చేశారు, దుకాణాలు ప్రభుత్వమే నడిపింది, ధరలు పెంచింది. అంతేగానీ అయిదేళ్ళు గడిచినా నిషేధం రాలేదు. మా జగ్గయ్యపేట పక్కనే తెలంగాణ కాబట్టి సీసాలు గరికపాడు చెక్‌పోస్టు దాటి దొంగదారిన రావడం మొదలైంది. 2024 ఎన్నికల్లో అవతలి పక్షం ఇచ్చిన హామీ ఏమిటో గుర్తుందా? మంచి మద్యం, తక్కువ ధరకి! ఆ అక్టోబరులో ప్రైవేటు షాపులు తెరిచారు, 99 రూపాయలకే క్వార్టర్ అన్నారు. ముప్ఫై ఏళ్ళ క్రితం మద్యం ఆపుతామని ఓట్లడిగిన చోటే చవగ్గా ఇస్తామని అడగడం మొదలైంది. మరి ఇల్లాలికి విసుగు పుట్టదూ?

పార్టీలు మారే వాళ్ళ సంగతి వేరే చెప్పాలా? 2014లో ఒక గుర్తు మీద గెలిచిన ఎమ్మెల్యేలు 23 మంది, ఒకరి తర్వాత ఒకరు అధికార పార్టీలోకి వెళ్ళారు. 2017లో వాళ్ళలో నలుగురు మంత్రులు కూడా అయ్యారు. ఫిరాయింపుల చట్టమేమో 1985 నుంచీ ఉంది!

ఈ విసుగు మనకొక్కళ్ళకే అనుకోకండి. మా ఆడపడుచు కూతురు అమెరికాలో న్యూజెర్సీలో ఉంటుంది, అక్కడి పౌరసత్వం కూడా వచ్చింది. "అత్తయ్యా, ఇక్కడ ఉన్నవి రెండే పార్టీలు. మా రాష్ట్రంలో 1992 నుంచీ ఒక్క పార్టీయే గెలుస్తోంది, నా ఓటుతో పనేముంది?" అంటుంది. అక్కడ ప్రెసిడెంటుని దేశం మొత్తం ఓట్లు లెక్కపెట్టి ఎన్నుకోరట. రాష్ట్రానికిన్ని అని ఓట్ల మూట ఉంటుంది. ఎక్కువ రాష్ట్రాల్లో గెలిచిన వాళ్ళకి ఆ మూట మొత్తం పోతుంది. అందుకే 2016లో హిల్లరీ క్లింటన్‌కి ట్రంప్ కంటే 28 లక్షల పైచిలుకు ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయింది. ఆ ఎన్నికల్లో నూటికి నలభై మంది దాకా అసలు ఓటే వెయ్యలేదు. మన ఆంధ్రలో 2024లో నూటికి ఎనభై మందికి పైగా వేశారు. హైదరాబాదు నుంచి, బెంగుళూరు నుంచి బస్సుల్లో నిలబడి వచ్చి మరీ వేశారు.

మనకి ఎవరూ నచ్చకపోతే 2013 నుంచి నోటా మీట ఉంది. కోపం చెప్పుకోవడానికి పనికొస్తుంది. కానీ నోటాకి అందరికంటే ఎక్కువ ఓట్లు పడినా, తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చిన అభ్యర్థే గెలిచినట్టు. ఇంట్లో కూర్చున్నా, నోటా నొక్కినా కుర్చీ ఖాళీగా ఉండదన్నమాట. మనం వద్దనుకున్న వాళ్ళే ఇంకా సుళువుగా కూర్చుంటారు.

మరి దూబగుంట కథని ఇంకోసారి చూడండి. సారా ఆగింది 1993లో. ఆ ఏడు అసెంబ్లీ ఎన్నికలే లేవు! ఓటు వెయ్యకముందే, ఆడవాళ్ళు రోజూ పాటల దగ్గర నిలబడితే ఆగింది. ఓటు వేశాక వచ్చిన నిషేధం, మనం మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయాక రెండేళ్ళకే పోయింది. నాకు అర్థమైనంత వరకు ఓటు పనికిరానిది కాదు, కానీ అది ఒక్కటే సరిపోదు. వేలు మీద సిరా ఆరేలోపే మనం అడగడం మానేస్తున్నాం, అక్కడే వస్తోంది చిక్కు.

పాలవాడు ఒక పూట అరలీటరు తక్కువ పోస్తే క్యాలెండరు మీద గీత పెడతాం. నెలాఖరుకి పైసలతో సహా తేలుస్తాం. అయిదేళ్ళకి రాసిచ్చిన వాళ్ళకి మాత్రం ఒక్క గీతా పెట్టం! పార్టీ వాళ్ళు ఇంటికిచ్చే హామీల కాగితాన్ని పొయ్యి అంటించడానికి వాడకండి. బియ్యం డబ్బా మూతకి లోపలివైపు అంటించండి. అయినదానికి టిక్కు, కానిదానికి సున్నా. మా వైపు సుబాబుల్ కర్రకి ధర అన్న మాట ఎన్నిసార్లు విన్నామో అలా రాసుకుంటేనే తెలుస్తుంది.

అడగడానికి దారులూ ఉన్నాయి. ఏడాదికి కనీసం రెండుసార్లయినా గ్రామసభ పెట్టాలని 1994 పంచాయతీరాజ్ చట్టంలోనే ఉంది. పెట్టారో లేదో అడగండి. 2005 సమాచార హక్కు చట్టం కింద పంచాయతీలో అర్జీకి రుసుమే లేదు, మండలాఫీసులో అయితే 5 రూపాయలు. ముప్ఫై రోజుల్లో జవాబివ్వాలి. ఈ పనికి పెద్ద చదువులక్కర్లేదు, ఇంటర్‌తో ఆపిన నాలాంటి వాళ్ళం కూడా రాయగలం. మా వైపు ఒక ఊళ్ళో డ్వాక్రా ఆడవాళ్ళు బడి పక్కన బెల్టుషాపు తీసెయ్యమని సంతకాలు పెట్టి వరసగా సోమవారాలు వెళ్ళి అర్జీలిచ్చారు. మద్యం పోయిందని చెప్పను గానీ, బడి పక్క నుంచి మాత్రం కదిలింది. ఆ దారిన ఆడపిల్లలు తలెత్తుకుని నడుస్తున్నారు. అదేం చిన్న సంగతి కాదు.

ఇదంతా ఒక్కరికి కుదరదు. పదిమంది కలవాలి. డ్వాక్రా మీటింగులో పొదుపు లెక్కలయ్యాక ఒక్క పది నిముషాలు ఈ లెక్క కూడా చూసుకుంటే సరిపోతుంది. మన రాష్ట్రంలో మగ ఓటర్లకంటే ఆడ ఓటర్లమే ఎక్కువ కదా, అంతమంది లెక్క అడిగితే ఎవరైనా జవాబు చెప్పక తప్పదు.

మీ ఊళ్ళో ఎవరైనా ఇలా అడిగి సాధించిన పని ఉంటే నాకు ఉత్తరం రాయండి, తోటి అక్కచెల్లెళ్ళతో పంచుకుందాం. గోంగూర నిలవ పచ్చడి వచ్చే వారం తప్పకుండా చెబుతాను. ఇదీ హామీయే సుమా, క్యాలెండరు మీద రాసుకోండి!