ల్యాప్‌టాప్ నిల్వ మొరాయిస్తే...

భద్రాచలం వద్ద గోదావరి నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ అవుతుంది. 2022 జూలైలో అది 71 అడుగులు దాటింది. అటువంటి వేళ తీరప్రాంత కుటుంబాలు ముందుగా మూటగట్టుకునేది పాసుపుస్తకాలను, పిల్లల సర్టిఫికెట్లను, నికాహ్‌నామాను. నేడు వాటి ప్రతులు, గతించిన పెద్దల ఛాయాచిత్రాలతో సహా, అనేక ఇళ్లలో ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంటున్నాయి. ఆ ల్యాప్‌టాప్‌లోని నిల్వ పరికరానికి వరద వంటి స్పష్టమైన హెచ్చరికలు ఉండవు. కనుక ఉన్న కొద్దిపాటి సూచనలను గుర్తించడం ప్రతి కుటుంబానికీ అవసరం.

పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరిగేది. చెడిపోయే ముందు తరచూ టకటకమని శబ్దం చేసేది. ఇప్పటి ఎస్ఎస్‌డీలో కదిలే భాగమే లేదు. చిప్‌లలోని అతి సూక్ష్మమైన గదుల్లో విద్యుదావేశం రూపంలో సమాచారం నిలుస్తుంది. రాసి చెరిపిన ప్రతిసారీ ఆ గదుల గోడలు కొంత అరుగుతాయి. గదులన్నీ బాగున్నా, వాటిని నడిపించే కంట్రోలర్ చిప్ చెడితే ఒక్క క్షణంలో అంతా అందకుండా పోవచ్చు. బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయి, కేవలం చార్జర్‌తో నడిచే ల్యాప్‌టాప్‌కు కరెంటు కోత మరింత ప్రమాదకరం. గాలివానకు తరచూ కరెంటు పోయే చర్ల, దుమ్ముగూడెం వంటి అటవీ మండలాలవారు ఈ విషయాన్ని గమనించాలి.

సూచనలు ఇవి: ఫైలు తెరుచుకోకపోవడం, కాపీ మధ్యలో ఆగిపోవడం, యంత్రం పదేపదే స్తంభించడం, నీలి తెర కనిపించడం, కొత్తగా ఏదీ సేవ్ కాకపోవడం, ఒక్కోసారి డ్రైవ్ జాడే లేకపోవడం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ డ్రైవ్ ఆరోగ్యాన్ని శాతంలో చూపుతుంది. అయితే అది బాగుందని చెప్పినంత మాత్రాన నిశ్చింతగా ఉండరాదు.

సూచన కనిపించిన వెంటనే చేయవలసింది మరమ్మతు కాదు, కాపీ. ముందుగా పత్రాలు, తరువాత ఫోటోలు, సినిమాలు చివరకు. వాటిని బయటి డ్రైవ్‌లోకే తీసుకోవాలి. ఆ సమయంలో విండోస్ మళ్లీ ఎక్కించడం, ఫార్మాట్ చేయడం, డిస్క్‌ను సరిచేసే ఆదేశాలు నడపడం తగదు. ఎస్ఎస్‌డీలో చెరిపిన ఫైళ్లు ట్రిమ్ అనే ప్రక్రియ వల్ల సాధారణంగా తిరిగి దొరకవు. యంత్రం తెరుచుకోకపోతే డ్రైవ్‌ను విప్పి, కేసింగ్‌లో అమర్చి మరో కంప్యూటర్‌కు కలిపి చూడవచ్చు. కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికి ఉంటుంది. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కావాలి. దానిని నేడే కాగితంపై రాసి భద్రపరచండి. డ్రైవ్ ఎక్కడా కనిపించకపోతే ప్రయోగాలు ఆపి, డేటా రికవరీ నిపుణులకు అప్పగించండి. అది ఖర్చుతో కూడిన పని. ఫలితానికి హామీ ఉండదు.

మరొక ముఖ్య విషయం. మరమ్మతుకు ఇచ్చే డ్రైవ్‌లో ఇంటి ఆడపడుచుల ఫోటోలు, బ్యాంకు వివరాలు ఉంటాయి. అవి అమానత్. కొత్తది వేయించాక పాతదాన్ని తప్పక తిరిగి అడిగి తీసుకోండి. వారంటీలో మార్పిస్తే పాతదాన్ని సాధారణంగా కంపెనీయే ఉంచుకుంటుందని కూడా ముందే గుర్తుంచుకోండి.

అసలైన రక్షణ ముందుజాగ్రత్తే. ముఖ్యమైన ఫైళ్లకు మూడు ప్రతులు ఉండాలి: ఒకటి ల్యాప్‌టాప్‌లో, ఒకటి బయటి హార్డ్ డిస్క్‌లో, ఒకటి వేరే ఊరిలో. సిగ్నల్ అందని గ్రామంలో ఇంటర్నెట్ నిల్వకు బదులు ఖమ్మంలోని బంధువుల ఇంట ఒక డిస్క్ ఉంచవచ్చు. 2024 సెప్టెంబరు ఆరంభంలో మున్నేరు ఖమ్మాన్నీ ముంచెత్తింది. కనుక ఏ ఒక్క చోటునూ పూర్తిగా నమ్మరాదు. నెలకొకసారి కొత్త ఫైళ్లను చేర్చి, వాటిలో రెండు మూడు తెరిచి చూడండి. తెరుచుకోని ప్రతి ఉన్నా లేనట్టే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్న చందాన కాకుండా, ఈ వారమే ఒక సాయంత్రం ఈ పనికి కేటాయించండి.