అమ్మమ్మ ముంజేతి తులసికోట

మా అమ్మమ్మ ముంజేతిపై, ఊరూర తిరుగు ఎరుకలసాని దీపపుమసిని ఆకుపసరుతో నూరి సూదులతో పొడిచిన పచ్చబొట్టొకటి యుండెడిది; అది తులసికోట యని ఆమె చెప్పినగాని తెలియనంతగా గీతలు అలుకుకొనిపోయి నీలిపచ్చని మరకవలె మిగిలినను, దానిని వ్రేలితో తడుముకొనునపుడు ఆమె మోమున వెలుగు తగ్గుట నేనెన్నడును చూడలేదు. పైచర్మము కొన్ని వారములకొకమారు రాలి క్రొత్తదగును. సిరా దాని క్రిందిపొరలో నిలుచును గనుకనే ఆ గురుతు జీవితాంతము వెంటవచ్చును, ఏండ్లు గడచినకొలది గీత వెడల్పగును.

కావున నేడు టాటూ దుకాణమునకు పోవు యువతీయువకులు సన్నని యక్షరములను ఇరుకుగా కూర్పింపక, గీతల నడుమ చోటుండునట్లు చూచుకొనవలెను. తెలుగున పేరు వ్రాయించుకొనువారు గుడులను, ఒత్తులను తెలిసినవారిచే ముందే దిద్దించుకొనవలెను. క్రొత్తసూదిని మీ కన్నులయెదుటనే విప్పుమనుడు, అడుగుటకు మొగమాటపడకుడు. అన్నిటికంటె ముఖ్యముగా, కోరిన బొమ్మను కాగితముపై గీయించి, అద్దము ప్రక్కన అంటించి, ఒక సంవత్సరము దానిని ప్రతిదినము చూడుడు. అప్పటికిని మనసు మారకున్న నిశ్చింతగా పొడిపించుకొనుడు.

ఈ సంచికను పచ్చబొట్లకే కేటాయించితిమి. ముఖచిత్రముపై నున్నది అమ్మమ్మ చేయియే.