గృహిణులకు నాలుగు మాటలు: సరమ శాపము

ఆంధ్ర మహాభారతమున ఆదిపర్వము చదివినవారికి సరమ కథ తెలిసియే యుండును. జనమేజయుడు యాగము చేయుచుండగా, దేవతల కుక్కయగు సరమ కొడుకు సారమేయుడు ఆడుకొనుచు అచ్చటికి వచ్చెను. ఏ తప్పును చేయకున్నను రాజు తమ్ములు వానిని గొట్టిరి. సరమ వచ్చి, నిరపరాధిని గొట్టినవారికి ఎటునుండి వచ్చునో తెలియని భయములు కలుగునని జనమేజయునితో బలికి పోయెను.

ఈ కథను మేము చిన్నతనమున మా నాయనగారి యొద్ద చదివితిమి. దాని యర్థము మాత్రము నిరుటి వానకాలమున మా యింటనే తెలిసికొంటిమి.

నెలన్నర యీడు గల వీథికుక్కపిల్ల యొకటి వానకు దడిసి మా అరుగుపై జేరగా, పిల్లలు లోనికి దెచ్చి రాజా యని పేరిడిరి. అది నడవలో మూత్రము విడిచినప్పుడెల్ల మేము చీపురుకట్టతో నొక దెబ్బ వేయుచుంటిమి. వారము దిరుగునప్పటికి నడవ విడిచి, బీరువా వెనుకను మంచము క్రిందను చాటుగా విడువ నారంభించెను. మేము దానికి నేర్పినది శుచిత్వము గాదు, మా కంటబడకుండుట. చీపురు చేతబట్టిన చాలు, గడగడ వడకెడిది. ఒకనాడు మా చిన్నపిల్ల ఆటకై చీపురు పట్టుకొని, మంచము క్రింద నున్న దానిని లాగబోగా చేయి కరచెను. గాయమును సబ్బుతో పదిహేను నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి గొనిపోయి సూదులు వేయించితిమి.

దానిని ఊరి వెలుపల విడువుడని పొరుగువారనిరి. మేమును సరే యంటిమి. మావారు బడిపంతులు. "దానికి కరచుట నేర్పిన దెవరు?" అని యడిగి, "చిన్నప్పుడు నేను తిన్న బెత్తపుదెబ్బ జ్ఞాపకమున్నది. ఏ పాఠమునకో జ్ఞాపకము లేదు. పిల్లలనే కొట్టరాదని 2009 నాటి విద్యాహక్కు చట్టము చెప్పుచుండగా, నోరులేనిదాని నేల కొట్టవలెను?" అనిరి. మాకు సరమ గుర్తునకు వచ్చెను. ఆ భయము మా యింటనే పుట్టినది గదా!

పిదప పశువైద్యునికి జూపి, ఆయన చెప్పిన పద్ధతి నవలంబించితిమి. కుక్కపిల్ల నిద్ర లేచినప్పుడును, తిన్న పిమ్మటను, ఆడిన పిమ్మటను పెరటిలోనికి గొనిపోవలెను. అచ్చట విడిచిన తక్షణమే మెచ్చుకొని, ఉడికించిన గ్రుడ్డు ముక్క చిన్నది పెట్టవలెను. ఆలసించినచో ఆ మెప్పు దేనికో దానికి తెలియదు. ఇంటిలో విడిచినచో కోపింపక, వాసన మిగులకుండ కడుగవలెను. వాసన యున్న చోటికే మరల వచ్చును. మీదికెగిరినచో మొగము త్రిప్పుకొని, నాలుగు కాళ్లు నేలనుంచినప్పుడే నిమురవలెను. పాఠము ఐదు నిమిషములకు మించరాదు. బహుమానముగనైనను ఉల్లి, ద్రాక్ష, చాక్లెట్టు పెట్టరాదు. అవి దానికి విషములు.

"తప్పు తెలిసియే తల వాల్చుచున్నది" అని కొందరందురు. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను విదుషి 2009లో పరీక్షించి, ఆ చూపు కుక్క చేసిన తప్పును బట్టి గాక, యజమాని మందలింపును బట్టి వచ్చునని కనుగొనెను.

నెల దిరుగకమునుపే రాజా పెరటి తలుపు గోకి పిలుచుట నేర్చెను. మా చిన్నపిల్ల యరచేతినుండి తిని, ఆమె కాళ్లయొద్దనే పండుకొనును. అయినను చీపురు కనబడిన నేటికిని లేచి దూరముగ బోవును. అందుచే అది పెరటిలో నున్నప్పుడే మేము ఇల్లు చిమ్ముకొనుచున్నాము. మీ యిండ్లకు కుక్కపిల్ల వచ్చినచో, మొదటినాడే ఈ మాట తలచుకొనుడని మా విన్నపము.