చిన్న ఆఫీసరు ముందు మాట్లాడాలి

సైనిక న్యాయస్థానాల మీద వచ్చిన సినిమాల మాటెత్తితే 1992 నాటి ‘ఎ ఫ్యూ గుడ్ మెన్’ ముందు గుర్తొస్తుంది. ఆరన్ సోర్కిన్ తన నాటకాన్నే తెరకు రాశాడు, రాబ్ రైనర్ తీశాడు. కర్నల్ జెసప్ నోట నిజం కక్కించే ఘట్టం ఇవాళ చూసినా ఒళ్లు జలదరిస్తుంది. ఆ వెంటనే వచ్చే తీర్పు దగ్గర అంత పట్టున్న రచన ఎందుకు జారిపోయిందన్నదే మా బాధ.

ముద్దాయిలిద్దరూ కింది స్థాయి మెరీన్లు. హత్య, కుట్ర అభియోగాలు వీగిపోయి, మెరీన్‌కు తగని ప్రవర్తన అన్న నేరం మాత్రం రుజువైందంటారు. అమెరికా సైనిక చట్టంలో దానికి దగ్గరగా ఉన్నది 133వ అధికరణం. అది ఆఫీసర్లకూ, ఆఫీసర్లు కాబోయే శిక్షణార్థులకూ వర్తించేది; సిపాయిల మీద మోపడానికి వీల్లేదు. పైగా తీర్పుతోపాటే జడ్జి శిక్ష కూడా చదివేస్తాడు. నిజానికి శిక్ష మీద విడిగా విచారణ జరగాలి. ముద్దాయి తన సర్వీసు గురించీ, ఇంటి పరిస్థితుల గురించీ చెప్పుకునేది అక్కడే. ఆ మాటలు మనకు వినబడకుండానే ఇద్దరు కుర్రాళ్ల ఉద్యోగాలు పోయాయి.

మన ‘రుస్తుం’ (2016) సినిమాలో 1959 నాటి నేవీ అధికారి ఛాతీ మీద కార్గిల్ నాటి రిబ్బన్లున్నాయని గోల జరిగింది. అలాంటివి మన్నించవచ్చు. మన్నించలేనిది, కోర్ట్ మార్షల్ సభ్యులు ఓటేసే గదిలోకి కెమెరా వెళ్లకపోవడం.

అమెరికాలో ఆ ఓటు రహస్యంగా చీటీల మీద పడుతుంది. లెక్కపెట్టేది సభ్యుల్లో అందరికన్నా జూనియర్; ఆ సభ్యుల అధ్యక్షుడు సరిచూస్తాడు. మన జనరల్ కోర్ట్ మార్షల్‌లో కనీసం ఐదుగురు ఆఫీసర్లుంటారు. జడ్జి అడ్వకేట్ చట్టం వివరిస్తాడు, ఆయనకు ఓటు లేదు. 1954 నాటి ఆర్మీ రూల్స్ ప్రకారం అభిప్రాయం నోటితోనే చెప్పాలి, మొదట చెప్పాల్సింది హోదాలో అందరికన్నా చిన్నవాడు. కర్నల్ ఎటు మొగ్గాడో తెలిశాక కెప్టెన్ గొంతు పెగలదని ఆ రూల్ రాసినవాళ్లకు తెలుసు. ఎవరు ఏమన్నారో బయటపెట్టబోమని అందరూ ముందే ప్రమాణం చేసి ఉంటారు.

మన దగ్గర అంతా అయ్యాక కూడా ఆ తీర్పు, నిర్దోషి అన్నదైనా సరే, ధ్రువీకరించే అధికారి సంతకం పడేదాకా చెల్లదు. సినిమాల్లో కోర్టులోనే కౌగిలింతలు అయిపోతాయి. ఆ అధికారికి సరిగా తోచకపోతే మరోసారి ఆలోచించమని ఒక్కసారి వెనక్కి పంపవచ్చు. అప్పుడు మామూలుగా అదే సభ్యులు మళ్లీ కూర్చుంటారు. తమ మొదటి జవాబు పైవాళ్లకు నచ్చలేదని తెలిసి కూడా, మళ్లీ ముందుగా నోరు విప్పాల్సింది ఆ చిన్న ఆఫీసరే. కోర్ట్ మార్షల్ కథ పట్టుకున్న రచయితలు ఆ ఒక్క సన్నివేశం రాయాలని మా కోరిక.