రోదసికి దారులు

చిన్ననాడు ఆకాశంలోనికి ఎగిరిపోవాలని కోరుకొనని పిల్లలు అరుదు. ఆ కోరికను విని నవ్వి ఊరుకొనే పెద్దలే ఎక్కువ. మా నందివెలుగు పరిసరాలలోనూ ఇదే తీరు. పిల్లల ఆశయాన్ని పెద్దలు ఎట్లు చూడవలెనో తెలియాలంటే, తెనాలితో కుటుంబ సంబంధమున్న బండ్ల శిరీష బాల్యాన్ని ఒకసారి పరిశీలించడం మంచిదని మా అభిప్రాయం.

చీరాలలో జన్మించిన శిరీష చిన్నతనంలోనే అమెరికా చేరి, టెక్సాస్ రాష్ట్రంలోని హ్యూస్టన్ నగరంలో పెరిగారు. వ్యోమగాములు శిక్షణ పొందే జాన్సన్ అంతరిక్ష కేంద్రం ఆ నగరంలోనే ఉన్నది. తానూ విమాన చోదకురాలై, పిదప నాసా వ్యోమగామి కావలెనని ఆమె ఆశించారు. కాని దృష్టిలోపం వలన ఆ దారి మూసుకొనిపోయింది. ఆమె ఆశయాన్ని విడువలేదు, మార్గాన్ని మార్చుకొన్నారు. పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివారు. 2015లో వర్జిన్ గెలాక్టిక్ సంస్థలో చేరారు. 2021 జూలై 11న ఆ సంస్థవారి యూనిటీ నౌకలో మరి ఐదుగురితో కలిసి సుమారు 86 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్ళివచ్చారు. భారరహిత స్థితి లభించినది కొద్ది నిమిషాలే. ఆ వ్యవధిలోనే ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారి మొక్కల ప్రయోగాన్ని ఆమె నిర్వహించారు.

“అమెరికా గనుక సాధ్యపడింది” అనేవారున్నారు. అందులో కొంత నిజం లేకపోలేదు. అయితే 1984 ఏప్రిల్‌లో సోవియట్ నౌకలో రోదసికి వెళ్ళిన రాకేశ్ శర్మ చదివినది హైదరాబాదులోని నిజాం కళాశాలలో. హ్యూస్టన్ బాలికకు లభించిన గొప్ప వసతి సామీప్యం. రోదసి యాత్ర కట్టుకథ కాదనీ, మనుషులు నేర్చి చేసే పని అనీ ఆమెకు చిన్ననాటనే తెలిసింది. ఆ సామీప్యం మనకూ ఉన్నది. తెనాలి మీదుగా చెన్నై పోయే రైలు మార్గంలోనే సూళ్ళూరుపేట ఉన్నది. దానికి చేరువనే శ్రీహరికోట. రాకెట్టు ప్రయోగాలను సామాన్య ప్రజలు చూచుటకు 2019లో అక్కడ వీక్షణశాలను తెరిచారు.

మన సమస్య వేరొకటి ఉన్నది. ఇంటర్మీడియట్ తరువాత ఆడపిల్లకు గణితమెందుకు అనే మాట మన ఇండ్లలో ఇంకను వినవస్తున్నది. ఉర్దూ మాధ్యమంలో చదివిన పిల్లకు సైన్సు కష్టమని ముందుగానే తీర్మానించేవారూ ఉన్నారు. శిరీషకు ఒక దారి మూసినది కంటిచూపు. మన విద్యార్థినులకు దారి మూస్తున్నది మన మాట. కంటిచూపు ఎవరి చేతిలోనూ లేదు. మాట మన చేతిలోనిదే.

అందుచేత కళాశాల పాలకవర్గం వారికి మూడు మనవులు. ఏటా ఒక్క ప్రయోగానికైనా విద్యార్థినీ విద్యార్థులను శ్రీహరికోట తీసికొనిపోవలెను. గ్రంథాలయంలో ఖగోళ, అంతరిక్ష శాస్త్ర గ్రంథాలను తెలుగులోను, ఉర్దూలోను సమకూర్చవలెను. కోరిన కోర్సులో ప్రవేశం దొరకని విద్యార్థికి, అదే ఆశయానికి చేరగల ఇతర మార్గాలను తెలుపుటకు ఒక అధ్యాపకుని నియమించవలెను. వీనికి కావలసినది పెద్ద నిధులు కాదు, శ్రద్ధ.

విద్యార్థి మిత్రులకు మా మాట ఒక్కటే. రోదసికి వెళ్ళేవారు కొందరే. కాని నౌకను రూపొందించుటకు, ప్రయోగాలు సిద్ధపరచుటకు, లెక్కలు కట్టుటకు వేలమంది కావలెను. ఒక ద్వారం మూసుకొన్ననాడు పుస్తకాన్ని మూయకండి.